సాగదెబ్బకు ముడి

పగిడయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుందని మొర్రిగుంపులో చిన్న పిల్లలకు కూడా తెలుసు. యాభై రెండేళ్లు వచ్చినా అది ముక్కు దిగి రాలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం మాత్రం అతను మోటారు సైకిల్‌ను ఎద్దుబండి కన్నా నెమ్మదిగా తోలుతున్నాడు. వెనక కూర్చున్న దూలయ్యను తువ్వాలుతో తన నడుముకు కట్టుకున్నాడు. కట్టకపోతే ముసలాయన జారిపోతాడు, ఎందుకంటే ఆయన చేతులు దేన్నీ గట్టిగా పట్టుకోలేవు. ఆ చేతులు విరగ్గొట్టింది పగిడయ్యే.

ఆ సంగతి ఊళ్లో ఎవరూ పైకి అనరు. అందరూ దగ్గరుండి చేయించిన పని కాబట్టి, అందరికీ మతిమరుపు వచ్చేసింది. ఊళ్లకు ఇదొక సౌకర్యం. చేసినవాడికే ఆ సౌకర్యం ఉండదు.

గుండాల అడవి దాటి ఇల్లందు రోడ్డెక్కాక దూలయ్యకు దగ్గు తెర వచ్చింది. పగిడయ్య బండి ఆపి, తువ్వాలు విప్పి, ఆయన వీపు నిమిరాడు. ఉమ్మిలో నెత్తురు కనిపిస్తే చెప్పుతో మట్టి కప్పేశాడు. పది రోజుల కింద భద్రాచలం దవాఖానాలో డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, నెల, మహా అయితే రెండు నెలలు అన్నాడు. చావంటే దూలయ్యకు భయం లేదు. డోలు లేకుండా పోవాల్సి వస్తుందనే ఆయన భయం. అంతకంటే ఎక్కువగా పగిడయ్య భయం కూడా అదే.

మొర్రిగుంపు కోయవాళ్లలో మనిషి పోతే, శవాన్ని లేపేటప్పుడు డోలు మీద సాగదెబ్బ మొదలుపెడతారు. గుంత దాకా అది ఆగకూడదు. మట్టి కప్పాక దానికి ముడి వేయాలి. అంటే విడివిడిగా మూడు దెబ్బలు, మధ్యలో ఊపిరి పీల్చుకునేంత ఎడం. మూడో దెబ్బ పడగానే అందరూ వీపు తిప్పుకొని, వెనక్కి చూడకుండా ఇళ్లకు నడవాలి. డోలు లేకుండా మట్టిలోకి పోయినవాడు పెద్దల్లో కలవడని వాళ్ల నమ్మకం. ముడి పడని సాగదెబ్బ ఇంకో మనిషిని వెతుక్కుంటూ తిరుగుతుందన్నది ఇంకో నమ్మకం. దూలయ్య బతుకు పాడైంది ఈ రెండో నమ్మకం వల్ల.

ముప్పై ఏళ్ల కింద ఇల్లందులో బొగ్గుబాయి కార్మికుల కొడుకులు ఐదుగురు కలిసి రాక్ బ్యాండ్ పెట్టారు. దానికి బొగ్గుబాయి అనే పేరు పెట్టుకున్నారు. వాళ్లలో గిటార్ వాయించే ఉదయ్ భాస్కర్ ఒకసారి జీపు కిరాయికి మాట్లాడుకొని, టేప్‌రికార్డరుతో మొర్రిగుంపు వచ్చాడు. అప్పట్లో దూలయ్య చుట్టుపక్కల ఇరవై గూడేలకు డోలు. ఆయన వాయిస్తే కొమ్ములు కట్టుకొని ఆడేవాళ్ల కాళ్లకు అలుపు తెలిసేది కాదు. ఉదయ్ భాస్కర్ నాలుగు రోజులు ఆయన కాళ్ల దగ్గర కూర్చొని, ఇప్పసారా తాగి, ఆ వేళ్లను దేవుణ్ని చూసినట్టు చూశాడు. పొగడ్తకు పడిపోని కళాకారుడు ఇంకా పుట్టలేదు. నాలుగో రోజు దూలయ్య ఆ పిల్లగాణ్ని వాగు అవతలికి తీసుకుపోయి, ఊరికి వినపడకుండా సాగదెబ్బ వాయించి చూపించాడు. పద్ధతి మరిచిపోకుండా చివర ముడి కూడా వేశాడు.

ఆర్నెల్లకు కేసెట్టు వచ్చింది. అందులో ‘దిగుడు’ అనే పాట ఖమ్మం నుంచి చర్ల దాకా మోగిపోయింది. పాట నిండా దూలయ్య సాగదెబ్బే. కానీ పాట చివరికి వచ్చేసరికి ముడి లేదు. స్టూడియోలో సౌండు తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ, వినపడకుండా చేసి వదిలేశారు. అప్పట్లో పాటలన్నీ అలాగే అయ్యేవి, వాళ్లకు అందులో తప్పేమీ తోచలేదు. మొర్రిగుంపు వాళ్లు గుండాల బస్సులో ఆ పాట విని వణికిపోయారు. సాగదెబ్బ ఆగలేదు, ముడి పడలేదు, అలా నడుచుకుంటూ ఎటో వెళ్లిపోయింది.

ఆ వానాకాలం మెదడువాపు జ్వరం వచ్చింది. తొమ్మిది మంది పోయారు. ఏడో మనిషి పగిడయ్య సొంత అన్న. దోమల వల్ల వచ్చిందని నర్సమ్మ మొత్తుకుంది. నీళ్లు నిలవనీయకండి, దోమతెరలు కట్టుకోండి అని ఇల్లిల్లూ తిరిగింది. ఊరు ఆమె మాటకు తలూపి, దూలయ్యను పంచాయితీకి పిలిచింది.

అప్పటికి పగిడయ్యకు ఇరవై రెండేళ్లు. రెండేళ్లుగా దూలయ్య దగ్గర డోలు నేర్చుకుంటున్నాడు, వరసకు మామా అని పిలుస్తాడు. పెండ్లి దెబ్బలు, కొలుపు దెబ్బలు, సాగదెబ్బ, అన్నీ చేతికొచ్చాయి. ముడి మాత్రం ఏ గురువూ ముందుగా నేర్పడు. చావుల్లో చూసి చూసి పగిడయ్యే పట్టేసుకున్నాడు. దూలయ్య చేతులు ఇంకోసారి డోలు ముట్టకూడదని పెద్దలు తీర్పు చెప్పినప్పుడు, ఎవరు చేస్తారని అడగక ముందే అతను లేచి నిలబడ్డాడు. అన్నను పూడ్చి అది మూడో రోజు. కళ్లలో ఇంకా ఆ మట్టే ఉంది.

నలుగురు దూలయ్యను బోర్లా పడేసి, చేతులు బండ మీద పరిచి పట్టుకున్నారు. పగిడయ్య రోకలి ఎత్తాడు. మొదటి దెబ్బ కుడిచేతి వేళ్ల మీద పడింది. పచ్చి వెదురు విరిగిన చప్పుడైంది. రెండోది అదే చోట. మూడోదానికి మణికట్టు పక్కకు తిరిగిపోయింది. దూలయ్య పెండ్లాం ముత్తక్క అరుస్తూ వచ్చి పగిడయ్య కాళ్లు పట్టుకుంటే, ఆమెను కాలితో నెట్టేసి ఎడమ చేయి మొదలుపెట్టాడు. బండ మీద నుంచి నెత్తురు కారి దూలయ్య మొహం కిందికి పోయింది. ఆయన అరవలేదు. అరిచి ఉంటే పగిడయ్య రెండు దెబ్బలు తక్కువే వేసేవాడు. ఆ నిశ్శబ్దం చూసి ఒళ్లు మండి, లెక్క లేకుండా కొట్టాడు.

ఆ తరువాత ముప్పై ఏళ్లూ మొర్రిగుంపుకు పగిడయ్యే డోలు. దూలయ్య ఎముకలు ఎలా పడితే అలా అతుక్కున్నాయి. గిన్నె ఎత్తుకోగలడు, గడ్డపార పట్టుకోలేడు. పదేళ్ల కింద ముత్తక్క పోతే, ఆ ఇంటికి డోలు లేదని పెద్దలు తేల్చేశారు. వదిలేసిన దెబ్బకు ముడి పడేదాకా అంతేనన్నారు. ఆమెను మోసుకుపోతుంటే కాళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మోసిన నలుగురిలో పగిడయ్య ఒకడు. భుజం మీద బరువుతో, చేతులు ఖాళీగా నడిచిన ఆ దారి అతన్ని ఇంతవరకు నిద్ర పోనీయలేదు.

అందుకే గుండాల సెంటర్లో ఫ్లెక్సీ చూసిన రోజు అతను అన్నం తినలేదు. ఇల్లందులో బొగ్గుబాయి ఉదయ్ భాస్కర్ సోలో కచేరీ, ఆదివారం సాయంత్రం నాలుగున్నర. మిగిలిన నలుగురిలో ఇద్దరు పోయారట, ఇద్దరు వదిలేశారట, ఇప్పుడు ఆయనొక్కడే ఊరూరా తిరిగి వాయిస్తున్నాడట. పాట ఎవడు వదిలాడో వాడే పదిమందిలో ముడి వేస్తే దూలయ్యకు డోలు ఇవ్వాలని పగిడయ్య పెద్దలను ఒప్పించాడు. ఒప్పించడమంటే ఒకాయన చొక్కా పట్టుకున్నాడు, ఇంకొకాయన తలుపు తన్నాడు. వాళ్లు సరేనన్నారు.

*

ఇల్లందు గ్రౌండు దగ్గర వీళ్లను లోపలికి రానివ్వలేదు. కచేరీకి ముందు ఉదయ్ భాస్కర్‌ను కలవాలని పగిడయ్య మర్యాదగానే అడిగాడు. మర్యాద అతనికి కొత్త కాబట్టి సరిగ్గా కుదరలేదు. మెడలో కార్డు వేసుకున్న నిర్వాహకుడు ఒకడు దూలయ్య చేతులు చూసి, అడుక్కునేవాళ్లు గేటు దగ్గర నిలబడొద్దన్నాడు. ఆ మాట పూర్తి కాకుండానే పగిడయ్య చెంప దెబ్బ పడింది. కార్డు ఒకవైపు, కళ్లద్దాలు ఒకవైపు ఎగిరిపోయాయి. నల్ల టీషర్టులు వేసుకున్న బౌన్సర్లు నలుగురు వచ్చి అతన్ని గోడకు అదిమి, కడుపులో రెండు గుద్దులు గుద్ది, రోడ్డు మీదికి తోసేశారు.

పగిడయ్య లేచి, మోకాలు దులుపుకొని, గ్రౌండు చుట్టూ తిరిగి గోడ కూలిన చోటు వెతికాడు. అక్కడ ముళ్లకంప అడ్డం పెట్టి ఉంది. చేతులతోనే లాగేశాడు. అరచేతుల్లో ముళ్లు దిగినా పట్టించుకోలేదు. దూలయ్యను ఎత్తుకొని లోపలికి దింపేసరికి కచేరీ మొదలైపోయింది. కచేరీ అయ్యాక స్టేజీ దిగేటప్పుడు పట్టుకుందాం మామా అన్నాడు. దూలయ్య మొహం అప్పటికే స్టేజీ వైపు తిరిగి ఉంది.

ఐదుగురి పాటలకు ఒక్కడు ఎలా సరిపోతాడో పగిడయ్యకు అర్థం కాలేదు. స్టేజీ మీద ఒక్కడే ఉన్నాడు. నెరిసిన జుట్టు వెనక్కి ముడేసుకున్న సన్నటి మనిషి, గిటార్ మెడలో వేసుకొని, దాని చెక్క మీద అరచేత్తో కొడుతున్నాడు. కాలి కింద చిన్న డబ్బా ఉంది. దాన్ని ఒకసారి తొక్కితే, ఇప్పుడే కొట్టిన దెబ్బ తనంతట తానే మళ్లీ మళ్లీ మోగుతోంది. దాని మీద ఇంకో దెబ్బ వేస్తాడు, దాని మీద తీగలు మీటుతాడు. కొంతసేపటికి ఒక్క మనిషి ఐదుగురవుతాడు. ముందు వరసల్లో బాయి పని చేసి రిటైరైన వాళ్లు కుర్చీల్లో నుంచి లేచి, తుండుగుడ్డలు తిప్పుతున్నారు. నచ్చకూడదని పళ్లు బిగించి నిలబడినా, పగిడయ్య కాలు అతన్ని అడగకుండానే తాళం వేసింది. అతను దాన్ని రెండో కాలితో తొక్కిపట్టాడు.

దూలయ్య మెల్లగా జనంలోంచి దారి చేసుకుంటూ ముందుకు నడిచాడు. ఇనప పైపుల అడ్డుకట్ట దాకా పోయి, దాని మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. పగిడయ్య ఆయన పక్కకు చేరాడు. ఇంత దగ్గర నుంచి చూస్తే ఉదయ్ భాస్కర్ వేళ్లు వయసు మళ్లినవే, కానీ పదీ తిన్నగా ఉన్నాయి. పగిడయ్య పక్కనున్న దూలయ్య వేళ్ల వైపు చూడలేదు.

నాలుగైదు పాటలయ్యాక ఆ మనిషి మైకు దగ్గరికి వచ్చి జనాన్ని చేతితో ఊరుకోమన్నాడు.

“ఇగ దిగుడు పాట. ఈ దెబ్బ నాది కాదు. మొర్రిగుంపు దూలయ్య నాకిచ్చిండు, ఆయన నా గురువు. పన్నెండేండ్ల కింద మనిషిని తోలి అడిగిపిస్తే, ఆయన పోయిండని చెప్పిన్రు. ఇయ్యాల గీ పాట ఆయన పేరు మీద వాయిస్తున్న.”

ఆ మాట చెప్పింది పగిడయ్యే. పన్నెండేళ్ల కింద ఒక మనిషి కెమెరా సంచితో వచ్చి దూలయ్య ఇల్లు అడిగాడు. ఊరి మొదట్లోనే పగిడయ్య ఎదురుపడి, ఆయన సచ్చిపోయిండు పో అని, వాడిచ్చిన కార్డు చింపి మొహాన కొట్టి తరిమేశాడు. అప్పుడది ఊరి మేలుకే అనుకున్నాడు. ఆ రోజు నోరు మూసుకొని ఇల్లు చూపించి ఉంటే, ముత్తక్కకు డోలు దక్కేది. ఇప్పుడు బతికున్న మనిషి పేరు మైకులో పిలిచి, మూడు వేల మంది ముందు, సాగదెబ్బ మొదలుపెట్టబోతున్నారు. పేరు పెట్టి సాగదెబ్బ కొడితే ఆ మనిషిని శవంగా లేపినట్టే.

ఉదయ్ భాస్కర్ అరచేయి గిటార్ చెక్క మీద పడింది. డబ్బా తొక్కాడు. సాగదెబ్బ మొదలైంది.

పగిడయ్య అడ్డుకట్ట మీది నుంచి దూకాడు. అటువైపు నిలబడిన బౌన్సర్ ఛాతీ మీద చేయి వేసి ఆపబోయాడు. పగిడయ్య తల వంచి నుదుటితో వాడి ముక్కు మీద గుద్దాడు. ముక్కు పగిలిన చప్పుడు తన పుర్రెలోనే వినిపించింది. రెండోవాడు వెనక నుంచి మెడ చుట్టూ చేయి బిగించాడు. ఊపిరి ఆడక కళ్లు బైర్లు కమ్ముతుంటే, పగిడయ్య ఆ ముంజేతిని నోటికందినంత కొరికి పట్టాడు. ఉప్పటి నెత్తురు గొంతులోకి పోయింది. వాడు కేక పెట్టి వదిలాడు. మూడోవాడి పిడికిలి దవడకు తగిలి రెండు పళ్లు ఊడి నాలుక మీద పడ్డాయి. అతను వాటిని వాడి మొహం మీదే ఉమ్మాడు. కింద పడేశారు, పక్కటెముకల్లో బూట్లతో తన్నారు. నాలుగో తన్నుకు ఏదో ఎముక లోపల కదిలింది. జనం అరుస్తున్నారు, కుర్చీలు పడిపోతున్నాయి. ఇంత జరుగుతున్నా సాగదెబ్బ ఆగలేదు. దాన్ని ఇప్పుడు ఏ చేయీ కొట్టడం లేదు, డబ్బా కొడుతోంది.

పగిడయ్య చేతికి అడ్డుకట్ట నుంచి ఊడిన ఇనప పైపు దొరికింది. కింద పడి ఉండగానే దాన్ని అడ్డంగా తిప్పాడు. ఒకడి మోకాలు వెనక్కి వంగింది. మిగిలినవాళ్లు రెండడుగులు వెనక్కి తగ్గారు. ఆ సందులో అతను లేచి, ఒంటి చేత్తో స్టేజీ అంచు పట్టుకొని పైకి ఎక్కాడు.

ఉదయ్ భాస్కర్ పారిపోలేదు. ధైర్యం వల్ల కాదు, ఎటు పోవాలో తోచక. పగిడయ్య వెళ్లి జుట్టు పట్టి అతన్ని మోకాళ్ల మీద కూలదోశాడు. గిటార్ మెడ మీద ఉన్న ఎడమ చేయిని కాలితో స్టేజీ చెక్కకు అదిమి, పైపు ఎత్తాడు. ఎంత సులువుగా ఎత్తాడంటే, ముప్పై ఏళ్లుగా ఆ చేయి ఎత్తే ఉందనిపించింది. చేతుల మీద కొట్టొద్దన్నా అని ఉదయ్ భాస్కర్ ఏడుస్తున్నాడు. దూలయ్య ఆ రోజు అనని మాట అది. ఆ మాట కోసమే ఆ రోజు పగిడయ్య అన్ని దెబ్బలు కొట్టాడు. ఇప్పుడది దొరికింది, దొరికినా చేయి దిగడానికి ఒప్పుకోవడం లేదు.

“పగిడీ.”

అడ్డుకట్ట అవతల నుంచి దూలయ్య పిలిచాడు. పెద్ద గొంతు కాదు, ఎప్పుడూ పిలిచే గొంతే. ఆయన రెండు చేతులూ తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. వేళ్లు తలా ఒక దిక్కు చూస్తున్నాయి. స్టేజీ లైట్లలో అవి ఎవరికైనా కనపడతాయి. ఉదయ్ భాస్కర్ చూశాడు. మొదట అర్థం కాలేదు. తరువాత ఆ మొహం పోల్చుకున్నాడు. అతని నోటి నుంచి గురువుగారూ అన్నట్టు ఏదో శబ్దం వచ్చింది. పగిడయ్య కాలి కిందున్న తన చేయి సంగతి మరిచిపోయి, ఆ చేతులకేసి చూస్తూ ఉండిపోయాడు.

“ఆని చేతులు కొట్టకు. ముడెయ్యి” అన్నాడు దూలయ్య.

“బతికున్నోనికి ఎట్ల ఏస్త మామా?”

“పేరు పెట్టి లేపిండు గదరా. ఇగ దించాలె. ఎంతసేపు మోస్తవ్ నన్ను?”

సాగదెబ్బ మోగుతూనే ఉంది. ముడి వేయడమంటే దూలయ్యను మట్టిలో పెట్టానని పదిమంది ముందు చెప్పడమే. చేతులు విరగ్గొట్టినవాడే మట్టి కూడా కప్పాలి. వేయకపోతే ఆ దెబ్బ గాలిలో వదిలేసిన పాత దెబ్బతో కలిసి ఊరి మీదికి వస్తుంది. ఇంకో వానాకాలం, ఇంకో తొమ్మిది మంది. పగిడయ్యకు ఏడుపు ముంచుకొచ్చింది. పైపు పక్కన పడేశాడు. పక్కటెముక పొడుస్తుంటే మోకాళ్ల మీద కూర్చొని, డోలు మీద వేసినట్టే అరచేయి చాపి, స్టేజీ చెక్క మీద ఒకటి కొట్టాడు.

కింద ఖాళీగా ఉన్న ఆ చెక్క దెబ్బకు గ్రౌండంతా మోగింది. జనం ఊరుకున్నారు. బౌన్సర్లు మెట్ల మీద ఆగిపోయారు, ఎందుకాగారో వాళ్లకే తెలియదు. ఊపిరి పీల్చుకునేంత ఎడమిచ్చి రెండోది కొట్టాడు. మూడోదానికి చేయి ఎత్తి, దూలయ్య మొహం చూసి, కళ్లు మూసుకొని కొట్టాడు. ఉదయ్ భాస్కర్ పాక్కుంటూ పోయి డబ్బా మీద చేయి వేశాడు. సాగదెబ్బ ఆగింది.

అలవాటుగా పగిడయ్య లేచి వీపు తిప్పుకున్నాడు. ముడి పడ్డాక వెనక్కి చూడకూడదు. అయిపోయిందనుకున్నాడు. అప్పుడు వెనక, కింద నుంచి, మెత్తగా ఒక చప్పుడు వినిపించింది. మట్టి మీద చేయి పడిన చప్పుడు.

పగిడయ్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ముడి తరువాత వెనక్కి తిరిగి చూశాడు.

దూలయ్య అడ్డుకట్ట ముందు నేల మీద కూర్చొని ఉన్నాడు. వంకర పోయిన కుడి అరచేయి మట్టికి ఆనించి ఉంది. పొలం పని ముగించిన మనిషిలా నెమ్మదిగా ఊపిరి వదులుతున్నాడు.

పగిడయ్య స్టేజీ మీది నుంచి దూకి, అడ్డుకట్ట దాటి ఆయన ముందు పడ్డాడు. “అదేంది మామా?”

“నాలుగోది.”

ముడికి మూడు కాదు, నాలుగు అన్నాడు దూలయ్య. మూడు డోలు మీద, అందరి కోసం. అందరూ వీపు తిప్పి నడిచాక, డోలు వాయించినవాడొక్కడే వెనక మిగిలి, పోయినవాడి తల దగ్గర నేల మీద అరచేత్తో నాలుగోది కొట్టాలి. ఎవరూ వెనక్కి చూడరు కాబట్టి ఎవరికీ తెలియదు. అది గురువు శిష్యుడికి చివరి రోజున చెప్పే మాట. పగిడయ్యకు ఆ చివరి రోజు రాకముందే రోకలి వచ్చింది.

పగిడయ్యకు ఆ మాటలు ఒక్కొక్కటిగా లోపలికి దిగాయి. ముప్పై ఏళ్లలో అతను వాయించిన చావులన్నీ కళ్ల ముందు నిలబడ్డాయి. కన్నతండ్రి. కట్టుకున్న పెండ్లాం. తొమ్మిదేళ్ల కూతురు దుర్గ, పాము కరిచి, దవాఖానాకు పోయే దారిలోనే ఒళ్లో చల్లబడిన పిల్ల. ఆ పిల్లకు అతనే ఏడుస్తూ సాగదెబ్బ కొట్టాడు, అతనే మూడు దెబ్బలతో ముడేసి ఇంటికి వచ్చాడు. ఒక్క పాటను అలా వదిలేశాడని ఈయన చేతులు నలగ్గొట్టారు. తను ఊరి చావులన్నింటినీ వదిలేశాడు. తెలిసి తెలిసి ఈ ముసలోడు పక్కన కూర్చొని చూశాడు.

అతని చేతులు వెళ్లి దూలయ్య గొంతు పట్టుకున్నాయి.

“నా బిడ్డను గూడ ఇడిసిపెట్టినవా? చెప్పకపోతివి ఎందుకు?” అని ఊపుతూ, ఆ ఎండిపోయిన మెడను బిగించాడు. బౌన్సర్లు వెనక నుంచి లాగుతున్నారు, ఉదయ్ భాస్కర్ మీద పడి వేళ్లు విడదీయబోతున్నాడు. పగిడయ్య వదలలేదు. దూలయ్య పెనుగులాడలేదు. ఆ రోజు బండ మీద పడుకున్నప్పటి మొహమే ఇప్పుడూ పెట్టాడు.

“సచ్చినోణ్ని ఇంకెట్ల సంపుతవ్‌రా” అన్నాడు గొంతు పూడుకుపోతుంటే. “ఇప్పుడే గద ముడేసినవ్.”

పగిడయ్య వేళ్లు కొంచెం సడలాయి. ముసలాయన దగ్గి, ఊపిరి తీసుకున్నాడు.

“దుర్గకు కొట్టిన. నువ్వు ఇంటికి పోయినంక, ఆ మాపటేలనే పోయి కొట్టిన. మీ నాయినకు కొట్టిన. నీ పెండ్లానికి కొట్టిన. నువ్వు వాయించిన అందరికి నేనే పోయి కొట్టిన. ఒక్కలను గూడ ఇడిసిపెట్టలే.”

“మరి నాకెందుకు చెప్పలే?” అన్నాడు పగిడయ్య.

“చెప్పాల్నని బుద్ధి పుట్టలే. నీ మీద నాకు గంత కోపం ఉండె. అది సచ్చినోళ్ల మీద ఎందుకు తీస్త?” దూలయ్య మట్టి అంటిన చేయి ఎత్తి చూసుకున్నాడు. “నా దాని గురించే నాకు రంది. నేను పోతే నాలుగోది ఎవలు కొడతరు? తెల్సినోడు నేనొక్కన్నే. గందుకే ముడెయ్యమన్న. నాది నేనే కొట్టుకున్న. ఇగ నీకు తెల్సింది.”

గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది. విజిలు ఊదుకుంటూ ఇద్దరు కానిస్టేబుళ్లు జనాన్ని తోసుకొస్తున్నారు. గొంతు వదలమని బౌన్సర్లు, ఉదయ్ భాస్కర్, చుట్టూ చేరినవాళ్లు అందరూ అరుస్తున్నారు. పగిడయ్యకు వినిపిస్తూనే ఉంది. వదలాలనే ఉంది. చేతులు ఇంకా దూలయ్య మెడ మీదే ఉన్నాయి. వాటిని అక్కడి నుంచి ఎలా తీయాలో అతనికి తెలియడం లేదు.